మిగతా ఇరవై గంటల సంగతి: మహిళల స్టేజ్ రేసుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

మహిళల సైకిల్ స్టేజ్ రేసులు, అంటే రోజుకో దశ చొప్పున రోజుల తరబడి సాగే పోటీలు, నడిపే నిర్వాహకులకు, ఆ రేసుల్లో తీర్పు చెప్పే కమిషనర్లకు నమస్కారం.

మేము జట్ల వెనక ఉండి పనిచేసేవాళ్లం. కోచ్‌లం, మెకానిక్‌లం, దారిలో బాటిళ్లు అందించి సాయంత్రం కాళ్లకు మర్దనా చేసే సహాయకులం. ఈ లేఖ పంతొమ్మిది, ఇరవై ఏళ్ల అమ్మాయిల గురించి. తొలిసారి ఐదారు రోజుల రేసుకు వచ్చి, మూడో రోజో నాలుగో రోజో బట్టలు సర్దుకుని వెళ్లిపోయేవాళ్ల గురించి. ఫలితాల పట్టికలో వాళ్ల పేరు ఎదురుగా 'టైమ్ లిమిట్ దాటింది' అనో, 'తప్పుకుంది' అనో ఒక్క ముక్క ఉంటుంది. అది చూసి అందరూ అనే మాట ఒకటే: ఇంకా సత్తువ రాలేదు, వచ్చే ఏడాది చూద్దాం.

సత్తువ ఎంతుందో మాకు తెలుసు, వాట్లు కొలిచేది మేమే కదా. చాలామంది విషయంలో మొదటి రోజు కాళ్లలో ఉన్న బలం ఐదు రోజులకూ సరిపోయేదే. మొదటి రోజు సాయంత్రం నుంచి నాలుగో రోజు పొద్దుటి దాకా జరిగిన చిన్న చిన్న విషయాలు కలిసి ఆ పిల్లను పడగొడతాయి. వాటిలో కొన్ని జట్టు తప్పులు, వాటిని మేం సరిచేసుకుంటాం. తక్కినవి మీ చేతిలో ఉన్నవి. రోజుకు మూడు నాలుగు గంటలు సాగే రేసు కోసం మీరు బాగానే కష్టపడుతున్నారు. మిగతా ఇరవై గంటల్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

ముందుగా ఒక తేడా గుర్తు చేయాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) లెక్కలో 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 దాకా అండర్ 23. మగపిల్లలకు ఆ నాలుగేళ్లూ నిలదొక్కుకోవడానికి వేరే రేసులు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొత్త కుర్రాళ్ల టూర్‌గా పేరుపడ్డ టూర్ ద లావెనీర్ 1961లో పుట్టింది. దానికి అమ్మాయిల రేసు తోడైంది 2023లో. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అండర్ 23 అమ్మాయిలకు విడిగా రోడ్ రేసు పెట్టింది 2025లో, కిగాలీలో. అంతకుముందు మూడేళ్లు వాళ్లను పెద్దవాళ్ల రేసులోనే కలిపి తొక్కించి, వాళ్లలో ముందొచ్చినామెకు పతకం మెడలో వేశారు. అంటే నిన్నటిదాకా జూనియర్ రేసులు తొక్కిన పిల్ల, ఈ రోజు మీ స్టార్ట్ లైన్ దగ్గర టూర్ ద ఫ్రాన్స్ గెలిచినావిడ పక్కన నిలబడుతుంది. గుంపులో ముందున్నవాళ్లకూ వెనకున్నవాళ్లకూ మధ్య అంత అంతరం ఉన్నప్పుడు, మగవాళ్ల రేసు కాగితాల్లోంచి దించుకున్న నిబంధన ఇక్కడ వేరేగా పనిచేస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా టైమ్ లిమిట్.

టైమ్ లిమిట్ అంటే, గెలిచినవాళ్ల తర్వాత ఇంతసేపట్లో రాకపోతే రేసు నుంచి బయటికే అన్న హద్దు. దాన్ని గెలిచినవాళ్ల సమయం మీద శాతంగా లెక్కగడతారు. చదును స్టేజ్‌కు 10 శాతం అనుకుందాం. మగవాళ్ల స్టేజ్ 200 కిలోమీటర్లు, గెలిచినతను ఐదు గంటల్లో ముగించాడు. వెనకబడ్డవాళ్లకు 30 నిమిషాల వెసులుబాటు. అమ్మాయిల స్టేజ్ 110 కిలోమీటర్లు, గెలిచినామె అదే వేగంతో 2 గంటల 45 నిమిషాల్లో ముగించింది. వెసులుబాటు 16 నిమిషాల 30 సెకన్లు. శాతం ఒకటే, న్యాయంగానే కనిపిస్తుంది. కానీ పంక్చర్ శాతాల్లో పడదు. చక్రం మార్చుకుని మళ్లీ కదలడానికి పట్టే రెండు నిమిషాలు స్టేజ్ పొడవును బట్టి తగ్గవు. అతనికి ఉన్న వెసులుబాటులో అది పదిహేనో వంతు. ఈమెకు ఎనిమిదో వంతు. కింద పడి, హ్యాండిల్ వంకర సరిచేసుకుని, తెగిపోయిన జెర్సీతో లేచేసరికి నాలుగు నిమిషాలు పోయాయంటే ఆమె వెసులుబాటులో పావు వంతు అక్కడే అయిపోయింది.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. ఆ 110 కిలోమీటర్ల స్టేజ్‌లోనే 60వ కిలోమీటరు దాకా గుంపుతో 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి, అక్కడ చిన్న గుట్ట మీద గుంపు నుంచి వెనకబడిపోయిందనుకోండి. అప్పటికి 90 నిమిషాలైంది. మిగిలిన 50 కిలోమీటర్లకు గెలిచేవాళ్లు 75 నిమిషాలు తీసుకుంటారు. ఈమెకు 91 నిమిషాల 30 సెకన్లు ఉన్నాయి. గంటకు 33 కిలోమీటర్ల చొప్పున లాగాలి. నలుగురు కలిసి ముందుండి గాలి కాయడానికి వంతులు వేసుకుంటే అది పెద్ద కష్టం కాదు. ఒంటరిగా, ఎదురుగాలిలో అయితే గంటన్నర సేపు టైమ్ ట్రయల్, అంటే గడియారంతో ఒంటరి పోటీ, తొక్కినట్టే. లిమిట్ లోపల వచ్చినా మర్నాటి కాళ్లు ఈ రోజే ఖర్చయిపోతాయి. మూడో రోజు తప్పుకున్న అమ్మాయికి అసలు దెబ్బ రెండో రోజు తగలడం మామూలే.

ఈ శాతాన్ని పెట్టేది మీరే. స్టేజ్ స్వభావాన్ని బట్టి ప్రతి రేసూ తన ప్రత్యేక నిబంధనల్లో రాసుకోవాలనే యూసీఐ చెబుతోంది. ఊహించని పరిస్థితి వస్తే కమిషనర్లు మీతో మాట్లాడి పెంచే వీలు కూడా ఉంది. అందుకని శాతం పక్కన ఒక కనీస హద్దు కూడా రాయండి. చదును స్టేజ్‌కు 20 నిమిషాలు, కొండ స్టేజ్‌కు 30, లేదా మీ శాతం ప్రకారం వచ్చేది, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. గెలుపోటముల మీద దీని ప్రభావం సున్నా. చివర్లో వచ్చే పదిహేను మంది మర్నాడు కూడా స్టార్ట్ లైన్ దగ్గర ఉంటారు, అంతే.

దీనితో ముడిపడ్డదే రోడ్డు మూసే సమయం. రేసు ముందు కదిలే పోలీసు బండికీ, వెనక 'రేసు ముగిసింది' అని బోర్డు పెట్టుకున్న బండికీ మధ్యే రోడ్డు మీ అధీనంలో ఉంటుంది. ఈ ఎడం పది పన్నెండు నిమిషాలకే సరిపోయేలా పెట్టి, టైమ్ లిమిట్ పదహారు నిమిషాలు ఇస్తే జరిగేది ఏమిటి? లిమిట్ లోపలే ఉన్న అమ్మాయి మామూలు ట్రాఫిక్‌లో, ఎదురుగా వచ్చే లారీల మధ్య రేసు తొక్కుతుంది. చౌరస్తాలో వాలంటీరు అప్పటికే జెండా చుట్టేసి వెళ్లిపోయి ఉంటాడు. ఎటు తిరగాలో చెప్పే బాణం గుర్తును కూడా పీకేసి ఉంటారు. మూసే సమయం టైమ్ లిమిట్ కంటే కనీసం ఐదు నిమిషాలు ఎక్కువ ఉండాలి. తప్పుకున్నవాళ్లను ఎక్కించుకునే బ్రూమ్ వ్యాగన్ చిట్టచివరి రైడర్ వెనకే ఉండాలి, ఆమెను దాటి ముందుకు పోకూడదు. అందులో నీళ్లు, పొడి తువ్వాళ్లు, ఒక దుప్పటి పెట్టించండి. వర్షంలో తడిసి ఆ బండి ఎక్కిన పిల్ల గంటసేపు వణుకుతూ కూర్చుంటే రేసుతో పాటు తర్వాతి వారం సాధన కూడా పోతుంది.

ఇప్పుడు పంక్చర్ సంగతికి వద్దాం. రేసు వెనక సాగే కాన్వాయ్‌లో జట్టు కార్ల వరస రెండో రోజు నుంచి ఆ జట్టులో అందరికంటే పై స్థానంలో ఉన్న రైడర్‌ను బట్టి ఉంటుంది. కొత్త పిల్లలు ఎక్కువగా ఉండేది చిన్న జట్లలో. కాబట్టి వాళ్ల కారు పద్దెనిమిదో, ఇరవయ్యో స్థానంలో ఉంటుంది. కారుకూ కారుకూ మధ్య ఖాళీతో కలిపి 20 మీటర్లు వేసుకున్నా ఇరవయ్యో కారు 400 మీటర్ల వెనక ఉన్నట్టు. ఇరుకు రోడ్డు మీద ముందున్న కార్లను దాటి అది రావడానికి నిమిషం పట్టిందంటే, 40 కిలోమీటర్ల వేగంతో పోయే గుంపు ఈలోగా 660 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. చక్రం మార్చడానికి ఇంకో ముప్పై నలభై సెకన్లు. గుంపు చీలిందని కమిషనర్ వెనకబడ్డవాళ్లను దాటి పోకుండా కార్లను ఆపేశారా, ఇక తిరిగి గుంపును అందుకోవడానికి గాలి కాచే కార్ల చాటు కూడా ఉండదు. పెద్ద జట్టు రైడర్‌కు ఇదే పంక్చర్ అరనిమిషం చికాకు.

అందుకే వెనకబడ్డవాళ్లకు న్యూట్రల్ సర్వీసే, అంటే ఏ జట్టువాళ్లకైనా చక్రాలు, సైకిళ్లు ఇచ్చే బళ్లే దిక్కు. కార్లు, మోటార్ సైకిళ్లు ఉంటాయి గానీ వాటి మీద ఉన్నది ఎవరికి సరిపోతుందో అడిగేవారుండరు. డిస్క్ బ్రేక్ చక్రాల్లో రోటర్, అంటే బ్రేక్ ప్యాడ్లు పట్టుకునే పళ్లెం, 140 మిల్లీమీటర్లదీ ఉంటుంది, 160దీ ఉంటుంది. ప్యాడ్లను నొక్కే కాలిపర్ 160కి అమర్చి ఉంటే అందులో 140 రోటర్ చక్రం పెడితే ప్యాడ్లకు రోటర్ సరిగా అందదు. దిగుడులో బ్రేక్ పట్టుకుంటే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. 140కి అమర్చిన దాంట్లో 160 అసలు దూరదు. మీ న్యూట్రల్ చక్రాల రోటర్ కొలత, వెనక చక్రం మీది క్యాసెట్‌లో పళ్ల చక్రాలు పదకొండా పన్నెండా, ఈ రెండూ రేసుకు మూడు వారాల ముందు జట్లకు తెలియాలి. అప్పుడు మా సైకిళ్లను మేమే దానికి తగ్గట్టు తెచ్చుకుంటాం.

సైకిలే విరిగితే ఇంకో చిక్కు. కారు మీద ఉండే న్యూట్రల్ సైకిళ్లు ఎక్కువగా 54, 56 సైజువి. ఐదడుగుల రెండంగుళాల అమ్మాయికి పెడల్ క్రాంకులు తిరిగే నడిమి ఇరుసు నుంచి సాడిల్ పైదాకా ఎత్తు 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సాడిల్ ఎత్తు తగ్గించే డ్రాపర్ సీట్ పోస్టు పూర్తిగా దించినా 54 ఫ్రేమ్ అంత కిందికి రాకపోవచ్చు. వచ్చినా హ్యాండిల్ అందదు, బ్రేక్ లీవర్ మీదికి వేళ్లు చాలవు. అలాంటి సైకిల్ మీద దిగుడు దిగడం కంటే ఆగిపోవడం మేలు. కొలతలన్నీ మగవాళ్ల భుజాలను చూసి రాసే అలవాటు ఈ ఆటలో పాతదే. 2026 నుంచి హ్యాండిల్ బార్ బయటి అంచుల మధ్య కనీసం 400 మిల్లీమీటర్లు ఉండాలన్న నియమం కూడా ఆ కోవలోదేనని మా అభిప్రాయం. అది మీరు మార్చగలిగేది కాదు. న్యూట్రల్ కార్ల మీద 48 సైజువి రెండు, 51వి రెండు పెట్టించడం మాత్రం మీరు చేయగలిగిందే. పెడళ్లు ఏ రకానివో జట్లను ముందే అడిగి, ఎక్కువమంది వాడేవి బిగించండి.

ఇప్పుడు ఎవరూ నోరు తెరవని విషయం. మరుగుదొడ్లు.

22 జట్లు, జట్టుకు ఆరుగురు, మొత్తం 132 మంది. బిబ్ షార్ట్స్ వేసుకున్న అమ్మాయి జెర్సీ విప్పి, భుజాల పట్టీలు దించి, మళ్లీ అన్నీ వేసుకుని, వెన్ను మీది నంబర్లు చిరగకుండా బయటికి రావడానికి మూడు నిమిషాలు పడుతుంది. 132 మందికి 396 నిమిషాలు. నాలుగు మరుగుదొడ్లు పెడితే 99 నిమిషాల వరస. సంతకాలు, జట్టు పరిచయాలు అయ్యాక స్టార్ట్‌కు మిగిలేది అరగంట, నలభై నిమిషాలు. పన్నెండు ఉంటే 33 నిమిషాల్లో అందరూ అవుతారు. సొంత బస్సులో మరుగుదొడ్డి ఉన్న జట్లకు ఈ బాధ లేదు. వ్యాన్‌లో వచ్చే చిన్న జట్లదే గొడవంతా. ఆ పన్నెండూ అతిథుల గుడారం వెనక కాదు, స్టార్ట్ లైన్‌కు వంద మీటర్ల లోపల ఉండాలి, రైడర్లకు మాత్రమే ఉండాలి, లోపల మూతపడే చెత్తబుట్ట ఉండాలి. ఊరేగింపుగా సాగే న్యూట్రల్ భాగం పొడవుగా ఉంటే అసలు రేసు మొదలయ్యే సున్నా కిలోమీటరు దగ్గర ఇంకో నాలుగు పెట్టండి.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అనుకునేవాళ్లున్నారు. రేసు ఫలితానికి కూడా సంబంధం ఉంది. మగవాళ్లు రోడ్డు పక్కన ఆగి అయిపోయిందనిపించుకుంటారు. అమ్మాయిలకు, అందులోనూ కెమెరాలు, జనం ఉన్నచోట, అది కుదరదు. కొత్త పిల్ల చేసే పని ఏమిటంటే, పొద్దున లేచింది మొదలు నీళ్లు తాగడం మానేస్తుంది. 55 కిలోల అమ్మాయి ఒక కిలో చిల్లర బరువును చెమటగా పోగొట్టుకుందంటే శరీర బరువులో రెండు శాతం పోయినట్టు, వేడి రోజుల్లో అక్కడి నుంచే పనితీరు పడిపోవడం మొదలవుతుంది. స్టార్ట్ దగ్గరే సగం ఎండిపోయి వస్తే ఆ హద్దు ముప్పయ్యో కిలోమీటరుకే వచ్చేస్తుంది. మూత్రం బిగబట్టడం, తక్కువ తాగడం, తడి షార్ట్స్, మూడూ కలిస్తే మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు దారి సుగమం. ప్రత్యక్ష ప్రసారం సరిగా ఇవ్వలేదని ఇటలీ మహిళల టూర్ 2021లో అగ్రశ్రేణి హోదాను పోగొట్టుకుంది. మరుగుదొడ్లు చాలక హోదా పోయిన రేసు గురించి మేమింతవరకు వినలేదు.

తిండి దగ్గర కూడా స్టేజ్ పొడవు లెక్క మళ్లీ వస్తుంది. చాలా రేసుల్లో తొలి 30, చివరి 20 కిలోమీటర్లలో కారు నుంచి గానీ మనిషి చేతి నుంచి గానీ తీసుకోకూడదు. 200 కిలోమీటర్ల స్టేజ్‌లో మధ్యన 150 మిగులుతాయి. 110లో మిగిలేది 60. గుంపు వేగానికి గంటన్నర. ఈ గంటన్నరలోనే అందరూ కార్ల దగ్గరికి రావాలి, రోడ్డు పక్కన సహాయకులు బాటిళ్లు అందించే ఫీడ్ జోన్ దాటాలి. గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్లాలన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకునే మాట. మూడు గంటల స్టేజ్‌కు 180 నుంచి 270 గ్రాములు. అర లీటరు బాటిల్‌లో 40 గ్రాములు కలిపితే మూడు బాటిళ్లకు 120, ఒక్కోటి 25 గ్రాముల చొప్పున నాలుగు జెల్స్‌కు 100, మొత్తం 220. సైకిల్ మీద పట్టేవి రెండే బాటిళ్లు. మూడోది చేజారిందంటే 40 గ్రాములు, అర లీటరు నీళ్లు ఒకేసారి పోయినట్టు.

అది చేజారేది ఎక్కడో కూడా చెప్పవచ్చు. 22 జట్లకు ఇద్దరేసి సహాయకులు, 44 మంది. 150 మీటర్ల ఫీడ్ జోన్ ఇస్తే మనిషికీ మనిషికీ మధ్య మూడున్నర మీటర్లు. 35 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైడర్ దాన్ని సెకనులో మూడో వంతులో దాటేస్తుంది. తన జట్టు మనిషిని గుర్తుపట్టి, చెయ్యి చాచేలోపు దాటిపోతుంది, లేదా గుర్తుపట్టి ఠక్కున పక్కకు కోస్తుంది, వెనకామె చక్రం తగిలి పడుతుంది. 400 మీటర్లు ఇస్తే మనిషికి తొమ్మిది మీటర్లు, దాదాపు ఒక సెకను. తిన్నగా ఉన్న రోడ్డు మీద, రెండు మూడు శాతం ఎక్కుడులో పెడితే వేగం దానంతటదే తగ్గుతుంది. దిగుడు ముగిసిన వెంటనే పెట్టిన ఫీడ్ జోన్ ప్రమాదాన్ని పిలిచి మరీ తెచ్చుకోవడమే. ఖాళీ బాటిళ్లు పారేసే జోన్ దీనికి ముందొకటి, తర్వాతొకటి ఉండాలి. జోన్ బయట పారేస్తే జరిమానా అని 2021 నుంచి నియమం వచ్చాక, కొత్త పిల్లలు భయంతో ఖాళీ బాటిల్‌ను పట్టుకునే ఉండి నిండుదాన్ని వదిలేస్తున్నారు. ఎండ ఎక్కువగా ఉండి కమిషనర్లు 30, 20 హద్దులను సడలించదలిస్తే ఆ ముక్క ముందురోజు సాయంత్రమే చెప్పాలి. స్టార్ట్‌కు పది నిమిషాల ముందు చెబితే అదనపు బాటిళ్లు కలిపే వ్యవధి ఉండదు.

ఇక ఫినిష్ లైన్ దాటిన తర్వాత. స్టేజ్ రేసులో నిజమైన పోటీ ఇక్కడే జరుగుతుందని మా నమ్మకం. కండరాల్లో అయిపోయిన గ్లైకోజెన్ అనే ఇంధనం మర్నాటికి మళ్లీ నిండాలంటే తొలి నాలుగు గంటలు విలువైనవి. గంటకు శరీర బరువులో కిలోకు ఒక గ్రాము చొప్పున, 55 కిలోల అమ్మాయికి 55 గ్రాముల కార్బోహైడ్రేట్ ప్రతి గంటా పడాలి, మొదట్లోనే 20, 25 గ్రాముల ప్రోటీన్ కూడా. రోజు మొత్తం మీద 440 నుంచి 550 గ్రాములు. పోయిన బరువుకు ఒకటిన్నర రెట్ల నీళ్లు తాగాలి, కిలోన్నర తగ్గితే రెండు లీటర్ల పైచిలుకు.

ఇప్పుడు మీ సాయంత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. మూడున్నరకు ఫినిష్. జట్టు బళ్లు ఆపిన చోటు కిలోమీటరున్నర అవతల, చెమట బట్టలతో జనంలోంచి వెతుక్కుంటూ వెళ్లాలి. డోపింగ్ పరీక్షకు పేరొస్తే ఇంకో గంట, ఒంట్లో నీళ్లు లేకపోతే రెండు. హోటల్‌కు రెండు గంటల ప్రయాణం. ఎనిమిదిన్నరకు గానీ భోజనశాల తెరవరు. వడ్డించేది ఒక్కొక్కరికి ఒక ప్లేటు. మెకానిక్‌లు సైకిళ్లు కడగడానికి నీటి గొట్టం లేదు. మర్దనా ముగిసేసరికి పదిన్నర. మర్నాడు పదింటికి స్టార్ట్, మూడు గంటల ముందు టిఫిన్ తినాలి కాబట్టి ఆరున్నరకు లేవాలి. ఇలా మూడు రాత్రులు గడిస్తే ఎంతటి కాళ్లైనా ఖాళీ అవుతాయి. అనుభవజ్ఞులు బస్సు ఎక్కగానే అన్నం డబ్బా తెరుస్తారు. కొత్త పిల్ల అలసటతో ఆకలి లేదని నిద్రపోతుంది. పైగా బరువు పెరగకూడదన్న మాట చెవిలో ఎవరో ఒకరు వేసే ఉంటారు. శరీరానికి అందాల్సిన శక్తి రోజులు, వారాల తరబడి తక్కువైతే నెలసరి ఆగడం, ఎముకలు బలహీనపడడం దాకా వెళుతుందని ఒలింపిక్ కమిటీ 2014 నుంచీ హెచ్చరిస్తోంది. ప్లేట్లు లెక్కపెట్టే భోజనశాల దీనికి గోరుచుట్టు మీద రోకటిపోటు.

మేం అడిగేవి ఇవి. ఫినిష్ నుంచి హోటల్‌కు గంట దాటని ప్రయాణం. తప్పదనుకుంటే మర్నాటి స్టార్ట్‌ను మధ్యాహ్నానికి జరపండి. ఏడున్నరకు భోజనం, అన్నం, పాస్తా, బంగాళాదుంప ఎంత కావాలంటే అంత. జట్టు వంటమనిషి ఉంటే ఆమెకు వంటగదిలో ఒక పొయ్యి. సైకిళ్లు కడగడానికి నీరు, కరెంటు. వీటన్నిటితో సమానంగా, బట్టలు ఉతికే యంత్రాలు, ఆరబెట్టేవి.

ఉతుకుడు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, సాడిల్ పుండ్లు మూడో రోజుకు మొదలవుతాయి. చిన్న జట్టు అమ్మాయికి ఇచ్చేది రెండు, మహా అయితే మూడు బిబ్ షార్ట్స్. హోటల్ సింక్‌లో ఉతికి, కిటికీకి వేలాడదీస్తే ప్యాడ్ లోపలి స్పాంజి తెల్లారేసరికి ఆరదు. తడి ప్యాడ్ మీద మూడు గంటలు కూర్చుంటే చర్మం మెత్తబడి, రాపిడికి లేచిపోయి, వెంట్రుకల కుదుళ్లలో ఇన్ఫెక్షన్ చేరుతుంది. పుండు ఒక పక్క ఉంటే రైడర్ తెలియకుండానే రెండో పక్కకు ఒరిగి కూర్చుంటుంది, దాంతో మోకాలో నడుమో పట్టేస్తుంది. ఫలితాల పట్టికలో 'మోకాలి నొప్పి' అని పడేవాటిలో కొన్నిటికి మూలం ఆరని షార్ట్స్. జట్టుకు రాత్రి ఒక ఉతుకు, ఒక ఆరబెట్టు, రెండున్నర గంటల పని. హోటల్‌లో నాలుగు జట్లు దిగితే రెండు జతల యంత్రాలతో అర్ధరాత్రికి ముందే ముగుస్తుంది. రేసు వైద్య బృందంలో ఒక మహిళా డాక్టర్ ఉండాలని కూడా ఇందుకే అడుగుతున్నాం. పుండు ఎక్కడ లేచిందో మగ డాక్టర్‌కు చూపించడానికి సిగ్గుపడి, దాచిపెట్టి, జ్వరం వచ్చేదాకా తెచ్చుకుంటారు.

కింద పడ్డవాళ్ల విషయంలో ఒక్క మాట. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే నిర్ణయం డాక్టర్‌ది, జట్టుది కాదు, రైడర్‌ది అసలే కాదు. పంతొమ్మిదేళ్ల పిల్ల లేస్తూనే సైకిల్ ఏదని అడుగుతుంది. అది ధైర్యమో, దెబ్బ వల్ల వచ్చిన అయోమయమో రోడ్డు మీద నిలబడి ఎవరూ చెప్పలేరు. పగిలిన హెల్మెట్‌తో ఎవరినీ కదలనివ్వకండి. చివరి మూడు కిలోమీటర్లలో పడితే తనున్న గుంపు సమయమే ఇచ్చే నియమాన్ని స్ప్రింట్ స్టేజ్‌లకు ఐదు కిలోమీటర్ల దాకా పెంచుకునే వీలుంది, కానీ అది మీరు ముందుగా అడిగితేనే. 2024 మహిళల టూర్, టూర్ ద ఫ్రాన్స్ ఫామ్, ఐదో స్టేజ్‌లో డెమీ వోలరింగ్ ఫినిష్‌కు ఆరు కిలోమీటర్ల చిల్లర ఉండగా పడి నిమిషానికి పైగా పోగొట్టుకుంది. చివరికి టూర్ చేజారింది నాలుగు సెకన్లతో, కాషా నీవ్యాడోమాకు. హద్దు గీత ఎక్కడ గీస్తారన్నది అంత ముఖ్యం. గీతకు అవతల ఉన్న డివైడర్లు, స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు ఇరుకయ్యే చోట్లు జెండా మనిషి లేకుండా వదిలేయకూడదు.

దారి, వేళలు, నిబంధనలు ఉండే టెక్నికల్ గైడ్ రేసుకు వారం ముందు వస్తే లాభం లేదు. మూడు వారాల ముందు, దారిని చూపే జీపీఎక్స్ ఫైళ్లతో సహా కావాలి. ఎక్కుడు సగటు వాలు ఒక్కటే రాస్తే సరిపోదు, కిలోమీటరుకొకటి చొప్పున రాయండి. సగటు ఆరు శాతం అన్న ఎక్కుడులో ఒక కిలోమీటరు పది శాతం ఉంటుంది. అక్కడ గంటకు 10 కిలోమీటర్లు ఎక్కే అమ్మాయికి ముందు 36 పళ్ల చైన్‌రింగ్, వెనక 30 పళ్ల చక్రం ఉంటే నిమిషానికి 66 తిప్పుళ్లు పడతాయి. 34 ఉంటే 75. ఆ తొమ్మిది తిప్పుళ్ల తేడా మూడు రోజుల మోకాళ్లను కాపాడుతుంది. ఏ క్యాసెట్ తేవాలో మాకు ముందే తెలియాలి, పది శాతం చూశాక తెలుసుకుంటే వ్యాన్‌లో 34 ఉండదు.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. రేసు ముందురోజు మేనేజర్ల సమావేశం పెడతారు. దానికి రైడర్లు రారు. తొలిసారి స్టేజ్ రేసు తొక్కేవాళ్లకు విడిగా నలభై నిమిషాలు ఇవ్వండి. ఒక కమిషనర్, ఒక న్యూట్రల్ మెకానిక్ వస్తే చాలు. పంక్చర్ అయితే ఏ పక్కకు తప్పుకోవాలి, ఏ చెయ్యి ఎత్తాలి. కాన్వాయ్‌లోంచి పైకి పోయేటప్పుడు కార్లను ఏ పక్కన దాటాలి, ఒక బంపర్ వెనక ఎంతసేపు ఉంటే జరిమానా పడుతుంది. కార్లను ఆపేశారని ఎలా తెలుస్తుంది. బాటిల్ పట్టుకుని కారుతో పాటు సాగితే ఏమవుతుంది. తప్పుకుంటే నంబర్లు విప్పి ఎవరికివ్వాలి. ఈ రోజు టైమ్ లిమిట్ ఎన్ని నిమిషాలు రావచ్చు, వెనకబడ్డవాళ్లు ఒకరికోసం ఒకరు ఆగి గుంపు కట్టడం తప్పు కాదు. చెవిలో రేడియోకు అనుమతి లేని కింది స్థాయి రేసుల్లో ఇవి చెప్పేవారు దారిలో ఎవరూ ఉండరు.

బడ్జెట్ లేదంటారని తెలుసు. నిజంగా డబ్బు కావలసినవి మరుగుదొడ్లు, ఉతుకు యంత్రాలు, అదనపు నిమిషాలకు పోలీసు బందోబస్తు, ఈ మూడే. టైమ్ లిమిట్ కనీస హద్దు ఒక వాక్యం. ఫీడ్ జోన్‌ను జరపడం పటం మీద ఒక గీత. భోజనం వేళ, సైజుల జాబితా, రోటర్ కొలత, ఇవన్నీ ఉత్తరాలతో తేలే పనులు. మూడింటికీ కలిపి డబ్బు చాలకపోతే మొదట బందోబస్తు, తర్వాత మరుగుదొడ్లు, ఆ తర్వాత యంత్రాలు. ఫినిష్ దగ్గర గాలి నింపిన తోరణాలు రెండుంటే ఒకటి తగ్గించుకోవచ్చు.

వచ్చే సీజన్ టెక్నికల్ గైడ్ అచ్చుకు పోకముందు చిత్తుప్రతిని జట్లన్నిటికీ పంపండి. టైమ్ లిమిట్ పేజీ, ఫీడ్ జోన్ల పటం, హోటళ్ల దూరాల పట్టిక, ఈ మూడు చాలు. రెండు రోజుల్లో మా లెక్కలు రాసి తిప్పి పంపుతాం.

ఇట్లు,
మహిళా జట్లతో పనిచేసే కోచ్‌లు, మెకానిక్‌లు, సహాయకులు